రక్తపింజరను అడిగి చూద్దాం



ఒక అమ్మాయికి మూడోసారి కూడా కడుపు నిలవలేదంటే మన ఇళ్లల్లో ముందు బయటికి తీసేది జాతకం. పంతులుగారు చూసి నాగదోషం ఉందంటారు. రావిచెట్టు కింద నాగప్రతిష్ఠ చేయిస్తారు, చవితికి పుట్టలో పాలు పోయిస్తారు. ఎవరి నమ్మకం వాళ్లది, దాని జోలికి నేను పోను. నేను ల్యాబ్ డాక్టర్ని. ఆ అమ్మాయి రక్తం ఎప్పుడైనా మా బల్ల మీదికి వస్తే మేమూ ఒక పామునే అడుగుతాం. నాగుపామును కాదు, రక్తపింజరను. ఇవాళ చెప్పబోయేది దాని గురించే.

ముందు జబ్బు సంగతి. దీని పేరు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. నోరు తిరగదు కాబట్టి డాక్టర్లు ఏపీఎస్ అంటారు. లండన్‌లో గ్రాహమ్ హ్యూస్ అనే డాక్టరు 1983లో దీన్ని ఒక జబ్బుగా గుర్తుపట్టి చెప్పాడు కనుక హ్యూస్ సిండ్రోమ్ అనీ అంటారు. మన ఒంట్లో సూక్ష్మజీవుల మీదికి వెళ్లాల్సిన యాంటీబాడీలు, అంటే ప్రతిరక్షకాలు, కొందరిలో దారి తప్పి సొంత కణాల మీదే పడతాయి. కంచే చేను మేయడం అన్నమాట. వాటి వల్ల రక్తం గడ్డకట్టకూడని చోట గడ్డకడుతుంది. పిక్కలో కడితే కాలు వాస్తుంది. అది ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మెదడులో కడితే ముప్ఫై అయిదేళ్ల మనిషికి పక్షవాతం. గర్భిణిలో అయితే మాయ సరిగా ఎదగదు, బిడ్డ నిలవదు.

రక్తం గడ్డకట్టాలంటే అందులోని ఫ్యాక్టర్లనే పదార్థాలన్నీ ఒకచోట కలుసుకోవాలి. సంత జరగాలంటే మైదానం కావాలి కదా, అలాగే. ఆ మైదానం ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థం. మన కణాల పైపొర ముఖ్యంగా దానితోనే తయారవుతుంది. ఎక్కడన్నా గాయమైతే ప్లేట్‌లెట్ రెచ్చిపోయి, లోపలి వైపు దాచుకున్న ఫాస్ఫోలిపిడ్‌ను బయటికి తిప్పుతుంది. సంత అక్కడ మొదలవుతుంది. ఏపీఎస్‌లో ఈ యాంటీబాడీలు వచ్చి ఆ మైదానంలో బైఠాయిస్తాయి. నిజానికి అవి పట్టుకునేది ఫాస్ఫోలిపిడ్‌ను కాదు, దాని మీద వాలే బీటా-2 గ్లైకోప్రోటీన్ అనే ప్రోటీన్‌ను. ఈ సంగతి 1990లో గానీ తేలలేదు. ఆస్ట్రేలియాలో, నెదర్లాండ్స్‌లో, జపాన్‌లో మూడు బృందాలు ఎవరికి వారే కనిపెట్టారు. పేరు మాత్రం పాతదే ఉండిపోయింది.

మా వైద్యంలో పేర్లు ఇలాగే ఉంటాయి. ఈ జబ్బుకు చేసే ముఖ్యమైన పరీక్ష పేరు 'లూపస్ యాంటీకోయాగ్యులెంట్'. తెలుగులో చెప్పాలంటే లూపస్ అనే ఇంకో జబ్బు ఉన్నవాళ్లలో రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థం. 1972లో పెట్టిన ఈ పేరులో రెండు మాటలున్నాయి, రెండూ తప్పే. ఇది ఉన్నవాళ్లలో చాలామందికి లూపస్ జబ్బు ఉండదు. పైగా ఇది ఒంట్లో రక్తాన్ని పలచబరచదు, గడ్డ కట్టిస్తుంది. గాజు ట్యూబులో మాత్రం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తుంది. ఆ ట్యూబును చూసి పెట్టిన పేరది.

ట్యూబులో ఒకలా, ఒంట్లో ఇంకోలా ఎందుకంటారా? ట్యూబులో మేం వేసే ఫాస్ఫోలిపిడ్ కొంచెమే. ఉన్న కాస్త మైదానాన్నీ యాంటీబాడీలు ఆక్రమిస్తే సంత ఆలస్యమవుతుంది. ఒంట్లో మైదానానికి కొదవ లేదు. అక్కడ ఈ యాంటీబాడీలు రక్తనాళం లోపలి గోడనూ ప్లేట్‌లెట్లనూ గిల్లి గిల్లి రెచ్చగొడతాయి. అందువల్ల గడ్డలు. ఆపరేషన్‌కు ముందు చేసే మామూలు పరీక్షలో ఏపీటీటీ అనే లెక్క ఎక్కువ వచ్చిందని, 'రక్తం ఆగదేమో' అని సర్జన్ భయపడి వాయిదా వేసిన కేసులు నేను చూశాను. అందులో ఒకరిద్దరికి ఉన్న అసలు ప్రమాదం రక్తం ఆగకపోవడం కాదు, అక్కర్లేని చోట ఆగిపోవడం.

ఇక పాము దగ్గరికి వద్దాం.

1781లో పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ డాక్టరు విశాఖపట్నంలో దిగాడు. అంతకుముందు సిరియాలోని అలెప్పోలో ప్లేగు రోగుల మధ్య పనిచేసినవాడు. సోదరుడు ఈస్టిండియా కంపెనీలో అధికారి. ఆయనకు తోడుగా వచ్చిన ఈయన, కొన్నాళ్లకు కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్త అయ్యాడు. మన తీరంలో పాములు పట్టించాడు, బొమ్మలు గీయించాడు, విషం ఎంత తీవ్రమో కోళ్ల మీదా కుక్కల మీదా పరీక్షించాడు. కోరమాండల్ తీరపు పాముల మీద ఆయన పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది. అందులో పాములకు స్థానికులు చెప్పిన పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. రక్తపింజరకు ఆయన రాసిన పేరు 'కాటుక రేకుల పొడ'. ఎంత చక్కని పేరు! వీపు మీద కాటుక అంచు దిద్దిన రేకుల్లాంటి మచ్చలు చూసిన ఎవరో మన తెలుగువాళ్లు చెప్పి ఉంటారు. మరుసటి ఏడాది శాస్త్రజ్ఞులు ఆ పాముకు రసెల్ పేరు పెట్టేశారు. కాటుకా పోయింది, రేకులూ పోయాయి. కట్లపాముల శాస్త్రీయ నామం 'బుంగారస్' మాత్రం ఆయన రాసుకున్న తెలుగు మాటలోంచే వచ్చి ఇప్పటికీ నిలిచి ఉంది.

రక్తపింజర కరిస్తే ఏమవుతుందో పల్లెటూళ్లలో చెప్పక్కర్లేదు. చిగుళ్ల నుంచి నెత్తురు, మూత్రంలో నెత్తురు. పాము కరిచిన మనిషిని తీసుకొస్తే పెద్దాసుపత్రిలో చేసే మొదటి పరీక్ష ఏ మిషనూ అక్కర్లేనిది. శుభ్రమైన పొడి గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. ఆ తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే విషం ఎక్కినట్టు. చిత్రం ఏమిటంటే ఆ విషం చేసేది రక్తాన్ని గడ్డకట్టించడమే. గడ్డకట్టే సరుకంతా ఒక్క ఊపున ఖర్చు చేయించేస్తుంది. ఆపైన నిజంగా అవసరమైనప్పుడు సరుకు ఉండదు.

ఆ గుణాన్ని మంచికి వాడొచ్చని 1934లో లండన్‌లో మాక్‌ఫార్లేన్, బార్నెట్ అనే ఇద్దరు చూపించారు. హీమోఫీలియా ఉన్నవాళ్లకు పన్ను పీకితే నెత్తురు ఆగదు. బాగా పలచన చేసిన రక్తపింజర విషాన్ని ఆ పంటి గుంతలో పెడితే ఆగింది. యాభై ఏళ్ల తర్వాత, 1986లో, త్యాగరాజన్, పెంగో, షపీరో అనే ముగ్గురు అదే విషాన్ని మా పరీక్షకు పనికొచ్చేలా తీర్చిదిద్దారు. ల్యాబుల్లో దాన్ని డీఆర్‌వీవీటీ అంటాం, అంటే డైల్యూట్ రసెల్స్ వైపర్ వీనమ్ టైమ్. ఆ పొడి అక్షరాల మధ్యలో రసెల్ గారూ ఉన్నారు, మన పామూ ఉంది.

చేసే పద్ధతి చెబుతాను, మా బల్ల పక్కన నిలబడ్డట్టు అనుకోండి. నీలం మూత ట్యూబులో రక్తం తీస్తారు. అందులో సిట్రేట్ అనే ద్రావణం ముందే ఉంటుంది, తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు. ట్యూబును గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో పెడితే ఎర్రకణాలు అడుగుకు దిగుతాయి, పైన గంజి తేటలాంటి పసుపు ప్లాస్మా తేలుతుంది. దాన్ని జాగ్రత్తగా తీసి రెండోసారి తిప్పాలి. ఈ రెండోసారి తిప్పడం దగ్గరే కొన్ని ల్యాబులు బద్ధకిస్తాయి. ప్లేట్‌లెట్లు మిగిలిపోతే వాటి పొరలోని ఫాస్ఫోలిపిడ్ బయటపడి యాంటీబాడీకి కావలసినంత మైదానం ఇచ్చేస్తుంది. ఉన్న జబ్బు లేనట్టు రిపోర్టు వస్తుంది. శాంపిల్‌ను ఫ్రీజర్‌లో దాచి తర్వాత చేసేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

ఆ ప్లాస్మాకు మన ఒంటి వేడి దగ్గర, 37 డిగ్రీల వద్ద, పలచని రక్తపింజర విషం, కాస్తంత ఫాస్ఫోలిపిడ్, క్యాల్షియం కలుపుతాం. విషం నేరుగా పదో ఫ్యాక్టర్‌ను లేపుతుంది. మామూలు మనిషి ప్లాస్మా అర నిమిషం దాటి కొద్ది సెకన్లకే గడ్డకడుతుంది. యాంటీబాడీలు ఉంటే అంతకన్నా ఆలస్యం. ఆలస్యమైనంత మాత్రాన తీర్పు ఇవ్వకూడదు, ఏదైనా ఫ్యాక్టర్ తక్కువై కూడా ఆలస్యం కావచ్చు. అందుకని ఆరోగ్యవంతుల ప్లాస్మాను సగానికి సగం కలిపి మళ్లీ చూస్తాం. లోటు ఉంటే పూడుతుంది, లెక్క సరిపోతుంది. అడ్డుకునేవాడు లోపల ఉంటే ఎంత కలిపినా అడ్డుకుంటూనే ఉంటాడు. ఆఖరున ఫాస్ఫోలిపిడ్ ఎక్కువగా పోస్తాం. అప్పుడు గబుక్కున గడ్డకట్టిందా, యాంటీబాడీ దొరికినట్టే.

ఒక్క మాట. ఈ విషం ట్యూబులోనే కలుస్తుంది, రోగి ఒంట్లోకి చుక్క కూడా వెళ్లదు. ఇది చెప్పాల్సిన విషయమేనా అంటారేమో. చెప్పకముందు ఒక పెద్దాయన మనవరాల్ని తీసుకుని ల్యాబ్ మెట్లు దిగి వెళ్లిపోయాడు.

దీనితోపాటు ఇంకో రెండు పరీక్షలు చేస్తారు. యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రోటీన్. ఇవి ఎలైజా పద్ధతిలో ఎంత ఉన్నాయో కొలిచే లెక్కలు. ఐజీజీ, ఐజీఎం అని రెండు వరసలుగా రిపోర్టులో కనిపిస్తాయి. కాస్త ఎక్కువగా ఉందని గుండెలు బాదుకోవద్దు. 40 యూనిట్లు దాటితేనే డాక్టర్లు గట్టిగా పట్టించుకుంటారు. మూడు పరీక్షలూ పాజిటివ్ అయినవాళ్లకు ప్రమాదం అందరికంటే ఎక్కువ.

కార్డియోలిపిన్‌కు ఒక పాత కథ ఉంది, అది మన ఇళ్లల్లో ఇప్పటికీ కన్నీళ్లు పెట్టిస్తుంది. 1906లో బెర్లిన్‌లో వాసర్‌మన్ సిఫిలిస్ అనే సుఖవ్యాధికి రక్తపరీక్ష కనిపెట్టాడు. ఎద్దు గుండె నుంచి తీసిన సారంతో కూడా ఆ పరీక్ష పనిచేస్తుందని తర్వాత తేలింది. 1941లో మేరీ పాంగ్‌బోర్న్ అనే శాస్త్రవేత్త ఆ సారంలో అసలు పదార్థాన్ని విడదీసి, గుండెలోంచి వచ్చింది కనుక కార్డియోలిపిన్ అని పేరు పెట్టింది. అదీ ఒక ఫాస్ఫోలిపిడే. ఇవాళ గర్భిణులందరికీ చేసే వీడీఆర్ఎల్ పరీక్షలో వాడేది దాన్నే. ఏపీఎస్ యాంటీబాడీలు ఉన్నవాళ్లలో సిఫిలిస్ లేకపోయినా ఆ పరీక్ష పాజిటివ్ చూపించవచ్చు.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో కడుపుతో ఉన్న ఒక అమ్మాయికి అలాగే వచ్చింది. కాగితం మీద 'రియాక్టివ్' అని స్టాంపు. ఎవరో ఆ మాటకు అర్థం వరండాలోనే, అత్తగారి ముందే చెప్పేశారు. నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి బెంచీ చివర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. అత్తగారు రెండో చివర. సిఫిలిస్‌ను రూఢి చేసే పరీక్ష వేరే ఉంది, టీపీహెచ్ఏ. అది చేస్తే నెగెటివ్. అంతకుముందు రెండుసార్లు కడుపు పోయిందన్న సంగతి అప్పుడు గానీ ఎవరూ అడగలేదు. ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసుంటే తొలిరోజే దారి దొరికేది. స్టాంపు చూసినవాళ్లు మనిషిని చూడలేదు. నేనూ ముందు స్టాంపునే చూశాను.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఒక్కసారి పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఏపీఎస్ అని తీర్మానించకూడదు. డెంగీ, మలేరియా, క్షయ, కుష్ఠు, మొన్నటి కోవిడ్ లాంటి ఎన్నో జ్వరాలూ జబ్బులూ వచ్చినప్పుడు ఈ యాంటీబాడీలు వచ్చి వెళ్తుంటాయి. చుట్టాల్లాంటివి. వచ్చినవి కాపురం పెట్టాయా లేదా అన్నదే ప్రశ్న. అందుకే కనీసం 12 వారాల ఎడంతో రెండోసారి చేయాలి. ఇంతకుముందు ఆరు వారాలు చాలనుకునేవారు. 2006లో అచ్చయిన అంతర్జాతీయ ప్రమాణాల్లో దాన్ని 12 చేశారు. ఈ రెండో పరీక్షకు మన దగ్గర పదిమందిలో ఎందరు తిరిగొస్తారో నన్ను అడగకండి. మొదటి కాగితం పట్టుకుని ఏళ్ల తరబడి మందు మింగేవాళ్లు ఒకవైపు, నెగెటివ్ వచ్చిందని ఫైలు అటక మీద పడేసేవాళ్లు ఇంకోవైపు.

నెగెటివ్ కూడా నమ్మదగ్గదేనా అంటే, ఎప్పుడు తీశారన్నదాన్ని బట్టి. గడ్డకట్టి ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు తీసిన శాంపిల్ మోసం చేయవచ్చు. రక్తాన్ని గడ్డకట్టనివ్వని హెపారిన్, వార్ఫరిన్, రివరాక్సబాన్ లాంటి మందులు రక్తపింజర పరీక్షను గందరగోళం చేస్తాయి, లేనిది ఉన్నట్టు కూడా చూపిస్తాయి. ఎలైజా పరీక్షలు రెండింటికీ ఈ బాధ లేదు. కాబట్టి ఏ మందు వాడుతున్నారో, ఆఖరి మోతాదు ఎప్పుడు వేసుకున్నారో ల్యాబ్‌లో చెప్పండి. అడగకపోయినా చెప్పండి. పరీక్ష బాగా రావాలని మీ అంతట మీరు మాత్రం మందు ఆపకండి. ఆ నిర్ణయం డాక్టరుది. ట్యూబులో రక్తం గీత దాకా నిండిందో లేదో కూడా చూసుకోండి. సగమే నిండితే సిట్రేట్ పాలు పెరిగి లెక్క తప్పుతుంది.

మరి ఎవరు చేయించుకోవాలి? యాభై లోపు వయసులో కారణం లేకుండా కాల్లోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డకట్టినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు. పదో వారం దాటాక బిడ్డ పోయిన తల్లి, లేదా అంతకుముందే మళ్లీ మళ్లీ గర్భం పోయిన తల్లి. 34 వారాల లోపే బీపీ విపరీతంగా పెరిగి కాన్పు చేయాల్సి వచ్చినవాళ్లు. లూపస్ ఉన్నవాళ్లు. ఏ ఇబ్బందీ లేని మనిషి మాత్రం ప్యాకేజీలో వస్తుంది కదా అని చేయించుకోవద్దు. ఆరోగ్యవంతుల్లోనూ నూటికి ఒకరికో కొందరికో ఇవి ఉంటాయి. చాలామందికి ఏమీ కాదు, నిద్ర మాత్రం పోతుంది.

జబ్బు రూఢి అయితే మందుంది. గడ్డలు కట్టినవాళ్లకు వార్ఫరిన్, రక్తం గడ్డకట్టే వేగాన్ని చెప్పే ఐఎన్ఆర్ అనే లెక్క రెండుకూ మూడుకూ మధ్య ఉండేలా. నెలనెలా ఆ పరీక్షకు రక్తం ఇవ్వడం విసుగని రివరాక్సబాన్ లాంటి కొత్త మాత్రలకు మారిపోదామనుకునేవాళ్లు ఒక సంగతి వినాలి. మూడు పరీక్షలూ పాజిటివ్ అయిన 120 మంది మీద ఇటలీలో జరిగిన అధ్యయనం 2018లో అచ్చయింది. రివరాక్సబాన్ వాడినవాళ్లలో 19 శాతం మందికి గడ్డలూ ఇతర ప్రమాదాలూ వచ్చాయి. వార్ఫరిన్ వాళ్లలో 3 శాతం. అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. అది చేసింది ఎవరనుకున్నారు? 1986లో పాము విషంతో పరీక్ష తయారుచేసిన ఆ ముగ్గురిలో ఒకరైన పెంగోయే.

గర్భిణికి వార్ఫరిన్ పనికిరాదు, బిడ్డకు హాని. చిన్న మోతాదు ఆస్ప్రిన్, దానికి తోడు హెపారిన్ సూది. రోజూ పొట్ట మీద గుచ్చుకోవాలి, నెలల తరబడి. కష్టమే. లండన్‌లో ఇలాంటి 90 మంది గర్భిణుల మీద చేసిన అధ్యయనం 1997లో వచ్చింది. ఆస్ప్రిన్ ఒక్కటే వాడినవాళ్లలో 42 శాతం మందికి బిడ్డ దక్కింది. హెపారిన్ కూడా వాడినవాళ్లలో 71 శాతం మందికి. నేను చెప్పిన ఆ బెంచీ చివరి అమ్మాయికి 12 వారాల తర్వాత చేసిన పరీక్ష కూడా పాజిటివే వచ్చింది. ఆ మూడో గర్భం నిలిచి పుట్టిన పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

ఈ ప్రసంగం వింటున్న ఇంట్లో ఎవరి దగ్గరైనా ఇలాంటి రిపోర్టు ఒక్కటే ఉంటే, ఆ ఫైలు దించి కాగితం మీద తేదీ చూడండి. అక్కణ్నుంచి 84 రోజులు లెక్కపెట్టి క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి. ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటే రేపే డాక్టరును కలవండి. రెండో శాంపిల్ ఇవ్వడానికి వచ్చేటప్పుడు మొదటి రిపోర్టు, మందుల చీటీ వెంట తెచ్చుకోండి.